చేదు పెల్లెట్లది కాదు, పొగది

మీరు రాసినదాన్ని ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరబడితే దిద్దండి. పెన్సిల్వేనియాలో ఉంటున్నారు. పెరట్లో గ్యాస్ గ్రిల్ ఉంది. చిల్లుల గొట్టం ఒకటి కొని, దాన్నిండా హికరీ పెల్లెట్లు (హికరీ అనే కలప పొట్టును ఒత్తి చేసిన చిన్న పుల్లలు) పోసి, రెండు కోళ్లకు నాలుగు గంటలు పొగబెట్టారు. చెక్క ముక్కలను నానబెట్టాలని ఎక్కడో చదివి, పెల్లెట్ల మీద కూడా నీళ్లు చిలకరించారు. పొగ వృథాగా పోతోందని గ్రిల్ వెనక సందును రేకుతో మూసేశారు. తెల్లటి పొగ దట్టంగా వచ్చింది, ముచ్చటపడ్డారు. తీరా తింటే చికెన్ చేదు, నాలుక మొద్దుబారింది, పిల్లలు ముట్టలేదు. ఇప్పుడు మీ సందేహాలు: పెల్లెట్లతోనే నడిచే అసలైన పెల్లెట్ గ్రిల్ కొనాలా, చలికాలం ఇల్లు వెచ్చబెట్టే స్టవ్ కోసం గరాజులో ఉన్న పెల్లెట్ల బస్తాలను దీనికి వాడవచ్చా, మాంసం ముట్టని మీ అత్తగారికి ఏమి చేసిపెట్టాలి, హైదరాబాదులో ఉన్న మీ తమ్ముడు ఫ్లాట్ బాల్కనీలో ఇదంతా చేయవచ్చా.

నేను టెక్సాస్‌లో ఉంటాను. పదకొండేళ్లుగా పెరట్లో పొగబెడుతున్నాను. మొదటి రెండేళ్లు మీరు చేసిన తప్పులన్నీ చేశాను, మీరు చేయనివి మరికొన్ని కూడా చేశాను. అందుకని మొహమాటం లేకుండా చెబుతాను. మీ పెల్లెట్లలో దోషం లేదు. చెడగొట్టింది నీళ్లు, రేకు, నాలుగు గంటలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తినగలిగేలా వచ్చి ఉండేది.

పొగ అంటే ఏమిటో కాస్త చూస్తే మిగతాదంతా తేలిక. కట్టెలో కణాలను పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. అది వేడికి విడిపోయినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ లాంటివి పుడతాయి. మనం పొగ రుచి, పొగ వాసన అనుకునేది చాలావరకు వీటినే. కట్టెలోని సెల్యులోజ్ వంటి పిండిపదార్థాల నుంచి వచ్చేవి మాంసానికి ఆ బంగారు గోధుమ రంగునిస్తాయి. నిప్పుకు గాలి బాగా అంది, కట్టె పొడిగా ఉంటే ఇవి పలచగా, శుభ్రంగా వస్తాయి. పొగ కంటికి సరిగా ఆనదు, ఆనితే లేత నీలంగా ఉంటుంది. గాలి అందకపోయినా, తడి ఉన్నా నిప్పు చల్లబడి కట్టె సగమే కాలుతుంది. తారు, మసి కలిసిన తెల్లటి పొగ లేస్తుంది. అది మాంసం మీద పేరుకుంటే చేదు. వానాకాలం పచ్చికట్టెలు పొయ్యిలో పెట్టి ఊదుగొట్టంతో ఊదిన ఇల్లాలికి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ కళ్లు మండే పొగనే మీరు నాలుగు గంటలు మూతపెట్టి కోడికి పట్టించారు.

చాలామంది పొగ ఎంత కనిపిస్తే అంత రుచి అనుకుంటారు. నిజం దాదాపు తలకిందులు. పొగను ఇంగువలా చూడండి. చిటికె వేస్తే పప్పు లేస్తుంది, చెంచా వేస్తే ఆ పూట భోజనం పోయినట్టే. నేను చేసే పరీక్ష ఒకటుంది. పొగ బయటకు వచ్చేచోట కాలకుండా కాస్త ఎత్తున అరచెయ్యి కొద్దిసేపు ఉంచి, తరవాత చెయ్యి వాసన చూసుకుంటాను. కట్టె కాలిన కమ్మని వాసన ఉంటే మాంసం లోపల పెడతాను. తారు వాసన, కమురు వాసన ఉంటే ఇంకాసేపు ఆగుతాను. థర్మామీటరు చెప్పలేనిది చెయ్యి చెబుతుంది.

ఇక గొట్టం సంగతి. దీన్ని సరిగా వెలిగించడం అసలు పని. అడుగు పొడవున్న గొట్టమైతే నిండా పోస్తే నాలుగు గంటలకు పైనే రాజుకుంటుంది. కోడికి అంత అక్కర లేదు, సగం చాలు. పెల్లెట్లు పొడిగా ఉండాలి. నీళ్ల ఊసే వద్దు. చెక్క ముక్కలను నానబెట్టినా నీరు పై పొర దాటి లోపలికి పెద్దగా పోదు, అది ఆవిరయ్యేదాకా వచ్చేది పొగ కాదు, ఆవిరి. పెల్లెట్ల విషయంలో అయితే అది ఆత్మహత్యే. పెల్లెట్ అంటే రంపపు పొట్టును ఒత్తి, చిన్న కంతల గుండా నెట్టిన పుల్ల. ఆ ఒత్తిడి వేడికి లిగ్నిన్ మెత్తబడి, చల్లారాక గట్టిపడి పొట్టును పట్టి ఉంచుతుంది. నీరు తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టు అవుతుంది. కావాలంటే నాలుగు పెల్లెట్లు గిన్నెలో వేసి రెండు చెంచాల నీళ్లు పోయండి. కాసేపటికి తడిసిన ఊక కనిపిస్తుంది.

గొట్టాన్ని నిలబెట్టి, పైచివర బ్లో టార్చ్ మంట పెట్టండి. అగ్గిపుల్లలతో కాలం వృథా. నిమిషం పాటు మంట పెట్టాక పెల్లెట్లు తమంతట తాము మండాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. మంట రాగానే ఊది ఆర్పేస్తారు, పది నిమిషాల్లో నిప్పు చచ్చిపోతుంది, పెల్లెట్లు బాగా లేవని తిడతారు. మంటను పది నిమిషాలు మండనివ్వండి. పైన వేలెడు మందాన ఎర్రటి నిప్పు పట్టాక అప్పుడు ఊదండి. గొట్టాన్ని అడ్డంగా గ్రిల్ మీద, వెలిగించని బర్నర్ వైపు పడుకోబెట్టండి. గ్యాస్ బర్నర్ ఒక వైపు మాత్రమే వెలగాలి, మాంసం రెండో వైపు ఉండాలి. వెనక సందు తెరిచే ఉంచండి. పొగ లోపలికి వచ్చి, మాంసాన్ని తాకి, బయటకు వెళ్లిపోవాలి. నిలవ ఉన్న పొగ నిలవ నీళ్లలాంటిదే.

పొగ చల్లటి, కాస్త తడి ఉన్న ఉపరితలానికి బాగా అంటుకుంటుంది. అందుకే మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టడం మంచిది, గది వేడికి తేనక్కర లేదు. అలాగని నీళ్లు కారుతూ ఉండకూడదు. ముందురోజు రాత్రే కోడికి ఉప్పు పట్టించి, మూత లేకుండా జల్లెడలాంటి తీగ పళ్లెం మీద ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దుటికి చర్మం ఆరి, వేలికి కాస్త జిగటగా తగులుతుంది. చేపలు పొగబెట్టేవాళ్లు ఈ జిగట పొర కోసమే గంటలకొద్దీ ఆగుతారు. పొగ దానికి పట్టుకున్నట్టు దేనికీ పట్టుకోదు.

చికెన్‌లో ఇంకో చిక్కుంది. ఇక్కడివాళ్లు దేన్నయినా 225 డిగ్రీల దగ్గర వండుతారు (ఫారెన్‌హీట్ లెక్క, సెల్సియస్‌లో 107). పెద్ద మాంసం ముక్కకు అది సరే. కోడికి ఆ వేడిలో చర్మం రబ్బరులా సాగుతుంది. నేను మొదటి ముప్పావు గంట 225లో పొగ పట్టించి, తరవాత 375కు పెంచేస్తాను. లోపల, తొడ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే 165 (సెల్సియస్‌లో 74) ఉండాలి. రొమ్ముకు 165 దగ్గర ఆపండి, తొడలు 175 దాకా వెళితే ఇంకా బాగుంటాయి. పొగబెట్టిన కోడిమాంసం ఎముక దగ్గర గులాబీ రంగుగా ఉండవచ్చు, ఉడకలేదని భయపడకండి. రంగును నమ్మకండి, అంకెను నమ్మండి. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్ అనే ఎర్ర పదార్థంతో కలిసి ఆ రంగును నిలబెడతాయి. బ్రిస్కెట్ (పశువు రొమ్ము దగ్గరి పెద్ద మాంసం ముక్క) అంచున ఎర్రటి గీత కనిపించేది కూడా ఇందువల్లే. చూడటానికి అందం, రుచికి దానితో సంబంధం లేదు.

మసాలా గురించి అడగలేదు కానీ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లందరూ ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పొగ తానే ఒక మసాలా. లవంగం, యాలకులు, దాల్చినచెక్క నిండిన గరం మసాలాతో అది పోట్లాడుతుంది, రెండూ ఓడిపోతాయి. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, గుంటూరు కారం, కావాలంటే కాస్త ధనియాల పొడి. ఇంతకు మించి నేను వేయను. పెరుగు పట్టించిన తందూరీ ముక్కలకు పొగబెట్టి చూశాను. పెరుగు పొగను బాగా పీల్చి పుల్లటి బూడిద రుచి తెచ్చింది. మీకు నచ్చితే నచ్చవచ్చు, నేను మళ్లీ చేయలేదు.

గరాజులో ఉన్న స్టవ్ పెల్లెట్ల మాటకు జవాబు: వద్దు. ఆకారం ఒకటే, పావు అంగుళం మందం, చూస్తే తేడా తెలియదు. అసలు పెల్లెట్లు ఇళ్లు వెచ్చబెట్టడానికే పుట్టాయి. 1970లలో చమురు ధరలు మండిపోయినప్పుడు కలప మిల్లుల దగ్గర వృథాగా పడి ఉన్న పొట్టుకు గిరాకీ వచ్చింది. ఒరెగాన్ రాష్ట్రంలో మౌంట్ ఏంజెల్ అనే ఊళ్లో జో ట్రేగర్ ఆ పెల్లెట్లతో నడిచే గ్రిల్ తయారుచేసి 1986లో పేటెంటు పొందాడు. 2006లో దాని గడువు తీరాక మిగతా కంపెనీలు రంగంలోకి దిగాయి, ఇప్పుడు పెద్ద దుకాణాలన్నింటిలో వరసగా కనిపించే గ్రిల్లులు ఆ తరవాత వచ్చినవే. కాబట్టి ముందు స్టవ్, తరవాత వంట. అయితే స్టవ్ పెల్లెట్లలో పైన్ లాంటి మెత్త కలప ఉండవచ్చు. దానిలో జిగురు ఎక్కువ, ఆ పొగ తిండికి పనికిరాదు. కలప ఎక్కడిది, దానికి రంగో గమ్మో అంటి ఉందా అని ఎవరూ తిండి దృష్టితో చూడరు, ఎందుకంటే ఆ పొగ చిమ్నీలోంచి బయటకు పోతుంది. మీ బస్తా మీద గట్టి కలప అని రాసి ఉన్నా నేనైతే వాడను. ఆదా అయ్యేది కొద్ది డాలర్లు.

వంట పెల్లెట్లలో ఏ కలప కొనాలి అనే దాని మీద జనం పెళ్లి సంబంధాలు చూసినంత చర్చ చేస్తారు. నా అనుభవంలో దాని విలువ అందులో పదో వంతు. బస్తా మీద పెద్ద అక్షరాలతో హికరీ అని ఉన్నా, చిన్న అక్షరాలతో మిశ్రమం అని ఉంటే చాలావరకు ఓక్ లేదా ఆల్డర్ కలపలో కొంత హికరీ కలిపినదే. కొన్నింటిలో కలప నూనెలు కలుపుతారు. మోసమని కాదు, తెలిసి కొనండి. ఓక్ నిదానమైనది, దేనికైనా సరిపోతుంది. మధ్య టెక్సాస్‌లో బ్రిస్కెట్‌కు పోస్ట్ ఓక్ కట్టెలే వాడతారు. హికరీ కాస్త ఘాటు. ఆపిల్, చెర్రీ మెత్తన, చికెన్‌కూ కూరగాయలకూ బాగుంటాయి. ఆల్డర్ పసిఫిక్ తీరంలో సాల్మన్ చేపకు వాడే కలప. ఇక మెస్కీట్ అంటే మనకు కొత్త చెట్టు కాదు. మన ఊళ్ల పక్కన చెరువు గట్ల మీద కమ్ముకున్న సర్కారు తుమ్మకు అక్కచెల్లెలే. బొగ్గుకు సర్కారు తుమ్మ ఎంత పేరో తెలుసు కదా, వేడి ఎక్కువ. మెస్కీట్ కూడా అంతే. గబగబా మండుతుంది, పొగ ముక్కుకు తగులుతుంది. చిన్న ముక్కలకు పరవాలేదు, గంటలకొద్దీ పెట్టవద్దు. మొదటి బస్తాగా ఓక్ గానీ చెర్రీ గానీ కొనండి, ఇంకేమీ ఆలోచించకండి.

పెల్లెట్ మంచిదో కాదో రెండు వేళ్లతో తెలుస్తుంది. విరిస్తే చిటుక్కుమనాలి, పైన నున్నగా మెరవాలి. మెత్తగా నలిగిపోతే తేమ పట్టింది. బస్తా అడుగున పొట్టు ఎక్కువగా ఉంటే జల్లించి పోయండి. తెరిచిన బస్తాను మూత గట్టిగా పట్టే బకెట్‌లోకి మార్చి ఇంట్లో ఉంచండి.

ఈ చివరి మాట ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గర ఉన్న మొదటి పెల్లెట్ గ్రిల్‌ను మే నెలలో ఒకసారి తొట్టినిండా పెల్లెట్లతో వదిలేసి ఇండియాకు వెళ్లాను. మూడు వారాలు. వానలు. తిరిగి వచ్చి స్విచ్ వేస్తే మోటారు మూలిగింది కానీ తిరగలేదు. తొట్టి తెరిస్తే పైన పెల్లెట్లు బాగానే ఉన్నాయి, కింద గరుకు సిమెంటులా గట్టిపడింది. పెల్లెట్లను నిప్పు దగ్గరకు తోసే మర ఉంటుంది, స్క్రూ ఆకారంలో. దాని మెలికల మధ్య ఉబ్బిన పొట్టు దిగబడిపోయింది. స్క్రూడ్రైవరుతో, పాత అట్లకాడ పిడితో ఆదివారం పూటంతా గీకాను. సాయంత్రానికి కొబ్బరికోరు లాగా బకెట్ నిండా పొట్టు. మా ఆవిడ వచ్చి చూసి, ఏమీ అనకుండా పిజ్జా ఆర్డరు చేసింది.

కొనాలా వద్దా అంటే, ఆ యంత్రం ఏమి చేస్తుందో తెలిస్తే మీరే తేల్చుకోవచ్చు. తొట్టిలో పెల్లెట్లు, వాటిని తోసే మర, నిప్పు పట్టే చిన్న ఇనుప గిన్నె, ఆ గిన్నెలో పెల్లెట్లను ఎర్రగా కాల్చి అంటించే ఒక కడ్డీ, గాలి ఊదే ఫ్యాను, వేడి చూసి మరను తిప్పాలా ఆపాలా అని నిర్ణయించే కంట్రోలరు. అంతే. మీరు 225 అని పెట్టి లోపలికి వెళ్లి పడుకోవచ్చు. తక్కువ వేడిలో గంటకు సుమారు అర కిలో పెల్లెట్లు తింటుంది, వేడి పెంచితే కిలో దాకా పోతుంది. తొమ్మిది కిలోల బస్తా ఒక రాత్రి బ్రిస్కెట్‌కు చాలు.

అయితే కొన్నాక మీరు మొదట అనుకోబోయేది, పొగ రుచి తక్కువగా ఉందేమిటి అని. ఫ్యాను గాలి ఊదుతుంటే పెల్లెట్లు శుభ్రంగా కాలిపోతాయి. మంచి మంట, కొంచెం పొగ. వేడి ఎంత ఎక్కువ పెడితే పొగ అంత తక్కువ. అందుకే దీన్ని కొన్నవాళ్లలో చాలామంది తిరిగి మీ దగ్గర ఉన్న ఆ గొట్టాన్నే కొని లోపల పెట్టుకుంటారు. కాబట్టి నా సలహా: ముందు ఈ గ్యాస్ గ్రిల్, ఈ గొట్టంతో నాలుగైదు సార్లు చెయ్యండి. రుచి నచ్చి, రాత్రంతా వండే పెద్ద ముక్కల మీద మనసు పోతే అప్పుడు గ్రిల్ కొనండి. కోడితొడలు, కూరగాయల కోసమైతే అది అక్కర లేదు.

కొన్నాక మరిచిపోకూడనిది ఒకటే, ఇనుప గిన్నెలో బూడిద. రెండు మూడు వంటలకోసారి పూర్తిగా చల్లారాక తీసెయ్యాలి. బూడిద నిండితే నిప్పు సరిగా పట్టదు, నిప్పు ఆరిపోయినా మర పెల్లెట్లు తోస్తూనే ఉంటుంది, గిన్నె పొంగి గుట్ట అవుతుంది. అలా ఆగిపోయిన గ్రిల్‌ను చూసి చూడకుండా మళ్లీ స్విచ్ వేస్తే ఆ గుట్టంతా ఒక్కసారి అంటుకుంటుంది. నాకు ఒకసారి మూత ఎగిరినంత పనైంది, కనుబొమలు కమిలాయి. ఆగిపోతే స్విచ్ ఆపి, చల్లారనిచ్చి, గిన్నె ఖాళీ చేసి, అప్పుడు మొదలుపెట్టండి. తీసిన బూడిద ఇనుప బకెట్‌లోనే వెయ్యాలి, ప్లాస్టిక్ చెత్తడబ్బాలో కాదు. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పు మర్నాటి దాకా బతికి ఉంటుంది. నివురుగప్పిన నిప్పు అన్నది ఉత్త మాట కాదు.

మీ అత్తగారి విషయానికి వద్దాం, నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

నాలుగేళ్ల కిందట మా మామగారు గుడివాడ వైపు నుంచి మొదటిసారి వచ్చారు. ఆయన చేపలు తప్ప మాంసం తినరు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చి, గ్రిల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, కాసేపు వాసన పీల్చి, "ఇది మా అమ్మ దాలి కదయ్యా" అన్నారు. ఆయన చెప్పాక నాకూ తట్టింది. పెరట్లో గుంట, అందులో నిప్పంటించిన పిడకలు, పైన మట్టికుండలో పాలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంట లేకుండా సన్నసెగ. పాలు ఎర్రబారి, మీగడ అట్టలా కట్టి, తోడుపెడితే పెరుగులో ఎక్కడో లీలగా పొగ వాసన. తక్కువ వేడి, ఎక్కువ సేపు, చిటికెడు పొగ. టెక్సాస్‌వాళ్లు బ్రిస్కెట్‌కు చేసేది ఇదే. ఆ రోజు ఆయన కోసం వెడల్పాటి గిన్నెలో కరిగించిన నెయ్యి పోసి చెర్రీ పొగలో అరగంట ఉంచాను. కొవ్వు పదార్థం పొగను ఇట్టే పట్టేస్తుంది, అరగంటే ఎక్కువ. వేడి అన్నం, కందిపొడి, ఆ నెయ్యి. ఆయన మారు వడ్డించుకున్నారు, మూడోసారి కూడా.

కాబట్టి ముందు నెయ్యి చెయ్యండి. తరవాత టమాటాలు: సగానికి కోసి, ఉప్పు చల్లి, కోసిన వైపు పైకి ఉండేలా 225లో రెండు గంటలు. పచ్చిమిరపకాయలు కూడా పక్కన పడేయండి. ఈ రెండూ, కాస్త చింతపండు, వేయించిన జీలకర్ర, వెల్లుల్లి కలిపి రోట్లో నూరితే వచ్చే పచ్చడికి ఇంగువ పోపు పెట్టకండి, పొగకు పోటీ వద్దు. వంకాయ విషయంలో ఒక మెలిక ఉంది. పొగలో ఉడికిన వంకాయ మెత్తబడుతుంది కానీ నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి రుచి రాదు. ఆ రుచి తొక్క మాడటంలో ఉంది. ముందు గ్యాస్ మంట మీద తొక్క నల్లబడేలా కాల్చి, గాటు పెట్టి, అప్పుడు నలభై నిమిషాలు పొగలో ఉంచండి. జీడిపప్పు, వేరుశనగ గింజలు చిల్లుల పళ్లెంలో గంట. కల్లుప్పు పలచగా పరిచి మూడు గంటలు, మధ్యలో కలియబెడుతూ. ఆ ఉప్పు సీసాలో నిలవ ఉంటుంది, మజ్జిగలో చిటికెడు వేసి చూడండి.

పన్నీరు, చీజ్ చలికాలం రాత్రి చెయ్యండి. గ్యాస్ వెలిగించకుండా గొట్టం ఒక్కటే పెట్టి, లోపలి వేడి 85 ఫారెన్‌హీట్ దాటకుండా రెండు గంటలు. చీజ్‌ను వెంటనే తింటే బూడిద నాకినట్టుంటుంది. కాగితంలో చుట్టి వారం పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే పొగ లోపలికి సర్దుకుంటుంది. పన్నీరు అంత ఆగదు, రెండు రోజుల్లో తినేయండి.

ఇదే చల్లటి పొగ పద్ధతిని చేపకో మాంసానికో చేయాలనిపిస్తుంది, దుకాణంలో దొరికే సన్నటి సాల్మన్ పొరలు చూసి. చేయకండి. మాంసం 40 నుంచి 140 ఫారెన్‌హీట్ మధ్య గంటలకొద్దీ ఉంటే సూక్ష్మజీవులకు విందు, పొగ వాటిని చంపదు. మాంసం చెడకుండా వేసే ఉప్పు, నైట్రైట్ కొలతలు తెలిసినవాళ్ల పని అది. చేపను వేడి పొగలోనే చేసి, లోపల 145 వచ్చాక తీయండి.

మీ తమ్ముడికి చెప్పవలసింది. బాల్కనీలో వద్దు, గదిలో అసలే వద్దు. రాజుకునే పెల్లెట్ల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు, కిటికీ తెరిచాం కదా అనుకోవడం సరిపోదు. మీరు కూడా వాన పడుతోందని గ్రిల్‌ను గరాజులోకి జరపకండి, తలుపు ఎత్తి ఉంచినా సరే. పైగా హైదరాబాదులో పెల్లెట్లు అని అడిగితే సులువుగా దొరికేవి బాయిలర్ల కోసం పంట వ్యర్థాలతో, పొట్టుతో చేసినవి. వాటి పొగ తిండికి తగలకూడదు.

అతనికి ఇవేమీ అక్కర లేదు కూడా. హైదరాబాదు వంటవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే చేయమనండి. చికెనో పప్పో వండిన గిన్నె మధ్యలో చిన్న స్టీలు గిన్నె, దానిలో బాగా ఎర్రగా కాలిన బొగ్గు ముక్క ఒకటి, దాని మీద అర చెంచా నెయ్యి, వెంటనే మూత. బొగ్గు పైన బూడిద పూత వచ్చేదాకా కాలి ఉండాలి, సగం నల్లగా ఉంటే మీ చికెన్‌కు వచ్చిన చేదే అక్కడా వస్తుంది. మూడు నిమిషాలకు మూత తీసి ముందు ఆ బొగ్గు గిన్నెను బయట పెట్టమనండి. పప్పు వడ్డించే హడావుడిలో దాన్ని లోపలే మరిచిపోతే, అయిదో నిమిషం నుంచి అది పప్పు కాదు, పొయ్యి బూడిద.